నేను తుడిచేసిన మచ్చలు

మా ఇంటి మగాళ్ళు మంచం పట్టరు. ఈ మాట చిన్నప్పటి నుంచి వింటున్నాను, అదీ గర్వంగా. తాత పొలం నుంచి వచ్చి, అరుగు మీద కూర్చుని మజ్జిగ అడిగి, గ్లాసు వచ్చేలోపు వెళ్ళిపోయాడట. పెదనాన్న బస్సులో కిటికీ పక్క సీట్లో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. దిగాల్సిన స్టాపు దాటిపోయినా లేవకపోతే కండక్టరు వచ్చి భుజం తట్టాడు. నాన్న ఆదివారం ఆరాధనలో పాట పాడి, ఇంటికొచ్చి భోజనం చేసి, కాసేపు నడుం వాలుస్తానని వాల్చాడు. అప్పటికి ఆయనకి నలభై నాలుగేళ్ళు. "నొప్పి తెలీకుండా పిలుసుకున్నాడు ప్రభువు" అన్నారు సంఘ పెద్దలు. వీధిలో హిందువులు పుణ్యాత్ముడి చావు అన్నారు. అలాంటి చావు కోసం జనం మొక్కుకుంటారు. మాకు మొక్కకుండానే వచ్చేది.

నా పేరు ప్రకాశరావు. రాజాంలో ఫోటో స్టూడియో నడుపుతాను. నాకు గుండెపోటు వచ్చి ఏడాది దాటింది. ఇప్పుడు నడుస్తున్నాను, పని చేస్తున్నాను, శాంత మీద చిరాకు పడుతున్నాను, అంటే బాగున్నట్టే. శాంత నా భార్య, అంగన్‌వాడీ టీచరు. జరిగిందంతా ఒకసారి కాగితం మీద పెడితేనన్నా గుండె దడ తగ్గుతుందని ఇది రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. మీ ఇంట్లోనూ గోడ మీద పోయినవాళ్ళ ఫోటోలు ఉండే ఉంటాయి.

నా పనిలో సగం పోయినవాళ్ళతోనే. రేషన్ కార్డు మీది బొమ్మో, పెళ్ళి గుంపులోంచి వేలంత ముఖమో పట్టుకొస్తారు. దాన్ని పెద్దది చేస్తాను. ముడతలు తీస్తాను, జుట్టు సర్దుతాను, కళ్ళలో చిన్న వెలుగు చుక్క పెడతాను. వెనక నీలం రంగు వేసి, మావాళ్ళైతే శిలువ, హిందువులైతే దీపం. "మచ్చలూ గిచ్చలూ లేకుండా సెయ్యి బావూ" అని ప్రతివాళ్ళూ అంటారు. అనకపోయినా చేస్తాం. పోయినవాడి ముఖం మీద మచ్చ ఉంచడం మా పనిలో పెద్ద తప్పు. అలా ఇస్తే ఆ ఇంటివాళ్ళు మళ్ళీ మన గడప తొక్కరు.

నేను చేసిన మొట్టమొదటి అలాంటి ఫోటో మా నాన్నది. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు, విజయనగరంలో ఒక కలర్ ల్యాబులో కంప్యూటరు పని నేర్చుకుంటున్నాను. జ్ఞాపకార్థ కూటానికి పెద్ద ఫోటో కావాలన్నారు. మూడు రోజులు కూర్చుని, మధ్యమధ్య ఏడుస్తూ చేశాను. ఇంటికి తెస్తే అందరూ "మనిషి ఎదురుగా ఉన్నట్టే ఉన్నాడు" అన్నారు. అమ్మ ఒక్కతే చాలాసేపు చూసి, "బాగున్నాడు. ఎవులీయన?" అంది. దుఃఖంలో ఏదో అంటోందని అనుకున్నాం.

గుండెపోటుకి ముందు ఏడాది, ఆగస్టు నెల. మా చర్చిలో ఉచిత వైద్య శిబిరం పెట్టారు. ఫోటోలు తీయడానికి వెళ్ళినవాణ్ణి, మొహమాటానికి రక్తం ఇచ్చాను. రిపోర్టులో కొలెస్ట్రాల్ దగ్గర అంకె చూసి, ఇది తప్పు పడిందేమో అని శిబిరంవాళ్ళే ఇంకోసారి చేశారు. మళ్ళీ అదే. శ్రీకాకుళంలో ఒక గుండె డాక్టరమ్మ దగ్గరికి పంపారు. చిన్న వయసు, తొందర లేని మనిషి. ఆవిడ రిపోర్టు కంటే ముందు నా కళ్ళు చూసింది. నా కళ్ళ లోపలి మూలల కింద మినపగింజంత పసుపు మచ్చలు రెండు ఉన్నాయి. నల్లగుడ్డు చుట్టూ బూడిదరంగు ఉంగరం ఉంది. అద్దంలో రోజూ చూసేవే, వయసు మీద పడుతోందని ఊరుకున్నాను.

"మీ నాన్నగారికి ఇవి ఉండేవా?" అని అడిగింది.

"లేవండి."

"బాగా గుర్తుందా?"

"నాది ఫోటోల పనండి. ముఖాలు మర్చిపోను" అని కొంచెం గొప్పగానే చెప్పి, ఫోనులో నాన్న ఫోటో తీసి చూపించాను. ఆవిడ రెండు వేళ్ళతో కళ్ళ దగ్గర పెద్దది చేసి చూసింది. శుభ్రమైన ముఖం. నాన్న ఎలా పోయాడని అడిగితే, ప్రశాంతంగా నిద్రలో అన్నాను. ఆవిడ కాగితం మీద ఏదో రాసుకుని, రాత్రి పూట ఒక మాత్ర, తిండి జాగ్రత్త, మూడు నెలలకి మళ్ళీ రమ్మంది. నేను వెళ్ళలేదు.

ఎందుకు వెళ్ళలేదంటే, మా ఇంట్లో యుద్ధం మొదలైంది. ఒకవైపు శాంత. ఆవిడ నూనె సీసాని శత్రువుని చూసినట్టు చూడడం మొదలుపెట్టింది. తాలింపు లేని పప్పు, ఉడకబెట్టిన బీరకాయ, చోడి అంబలి, అంటే రాగి జావ. రెండోవైపు మా తమ్ముడు డేవిడ్. వాడు చీపురుపల్లిలో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రిల్లు మాస్టరు. ముప్పై ఆరేళ్ళు, ఒంటి మీద చిటికెడు కొవ్వు ఉండదు, తెల్లారక ముందే ఎనిమిది కిలోమీటర్లు పరుగెడతాడు. అన్నం మానేసి గుడ్లు, మాంసం, నెయ్యి తింటాడు. నెయ్యి అంటే చెంచాలతో కాదు, గరిటెలతో.

"అన్నయ్యా, ఈ కొలెస్ట్రాల్ అన్నదే పెద్ద అబద్ధం" అనేవాడు. "ముందు గుడ్డు తినొద్దన్నారు, ఇప్పుడు తినమంతన్నారు. నెయ్యి విషం, డబ్బా నూనె మంచిదన్నారు, ఇప్పుడు ఆ నూనే సెడ్డదంతన్నారు. ఆళ్ళకే తేలలేదు. నువ్వెందుకు మాత్ర మింగతన్నావు సెప్పు?"

"రిపోర్టులో అంకె ఉంది కదరా."

"అంకేటి అన్నయ్యా, అంకె! మనిసిని సూడాల గాని అంకెను సూస్తారేటి? నన్ను సూడు."

చూశాను. వాడు నిగనిగలాడుతున్నాడు. వాడి మాటల్లో కొంత నిజం ఉండడమే చిక్కు. నిజంగానే పెద్ద డాక్టర్లు ఒకసారి చెప్పింది ఇంకోసారి మార్చారు. పైగా ఆ మాత్ర మొదలుపెట్టాక నాకు పిక్కలు నొప్పులుగా ఉండేవి, డాక్టరమ్మకి ఫోను చేసి ఆ మాట చెప్పాలన్న బుద్ధి పుట్టలేదు. నవంబరులో మాత్ర ఆపేశాను. శాంతకి చెప్పలేదు. అన్నం తగ్గించి, తమ్ముడి పద్ధతిలోకి దిగాను. శాంత బడికి వెళ్ళాక గుడ్లు వేయించుకునేవాణ్ణి.

ఆ తరవాత నాలుగు నెలలు నా జన్మలో అంత బాగా ఎప్పుడూ లేను. పొట్ట తగ్గింది. పిక్కల నొప్పి పోయింది. మెట్లు ఎక్కితే ఆయాసం లేదు. స్టూడియోకి వచ్చినవాళ్ళు "ఏటి పెకాసం, కుర్రోడివైపోనావు" అన్నారు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరించేది ఆ నాలుగు నెలల గురించే. లోపల ఏదో నడుచుకుంటూ దగ్గరికి వస్తోంది, పైకి నేను నవ్వుతున్నాను. దానికి చప్పుడు లేదు, నొప్పి లేదు. తాతకీ, పెదనాన్నకీ, నాన్నకీ కూడా చివరి రోజు వరకూ అలాగే ఉండి ఉంటుంది.

క్రితం ఏడాది ఈస్టరుకి ముందు ఆదివారం నాగావళిలో బాప్తిస్మాలు. మాది నీళ్ళలో పూర్తిగా ముంచే సంఘం కాబట్టి ఫోటోగ్రాఫరు కూడా నడుం లోతు దిగాలి. పొద్దున్న తొమ్మిదైంది, ఎండ చురుక్కుమంటోంది. ఆ రోజు తొమ్మిది మంది, అందరూ తెల్లబట్టల్లో. పాస్టరుగారు ఒక్కొక్కరినీ వెనక్కి వాల్చి, ముంచి లేపుతున్నారు. ఎవరూ తప్పిపోకూడదని నేను మనసులో లెక్కపెట్టుకుంటూ తీస్తాను. నాలుగో మనిషి దగ్గర కింది దవడ లాగడం మొదలైంది, పంటి నొప్పి అనుకున్నాను. ఆరో మనిషి దగ్గర చెమటలు పట్టాయి. చల్లటి నీళ్ళలో నిలబడి ఉండగా చెమట కళ్ళలోకి కారడం వింతగా అనిపించింది. ఎనిమిది. తొమ్మిది. ఒడ్డున పాట ఆగింది, పాస్టరుగారు వెనక్కి తిరిగారు. నేను మాత్రం కెమెరా దించలేదు, ఎందుకంటే పదో మనిషి లేస్తున్నాడు.

నాకు వీపు కనిపిస్తోంది. తెల్ల చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది. నీళ్ళు కారుతున్న తల మెల్లగా నా వైపు తిరుగుతోంది. ముఖం కనిపించేలోపు ఫోకస్ చెయ్యాలని చూస్తున్నాను, వేలు కదలడం లేదు. భయం వెయ్యలేదు. ఆయన ఎవరో నాకు తెలుసు, అందుకే ముఖం చూడాలని ఉంది. అంతలో నీళ్ళు నా నోట్లోకి వచ్చాయి.

నన్ను ఒడ్డుకి లాగింది అప్పుడే బాప్తిస్మం పొందినవాళ్ళు. కెమెరా పోయింది గానీ కార్డు బతికింది, నెలన్నర తరవాత చూశాను. తొమ్మిది మందే ఉన్నారు. ఆ తరవాతి ఫోటోలో ఖాళీ నీళ్ళు, మధ్యలో ఎవరో లేచి పక్కకి తప్పుకున్నట్టు గుండ్రంగా అలలు. ఆ బటన్ నొక్కినట్టు నాకు గుర్తు లేదు. మెదడుకి రక్తం తగ్గితే అలాంటివి కనిపిస్తాయని తరవాత డాక్టరమ్మ చెప్పింది. నేను కాదనలేదు.

శ్రీకాకుళం ఆసుపత్రిలో ఏడు రోజులు ఉన్నాను. రెండు స్టెంట్లు వేశారు. వాటి సంగతి నాకు తెలిసింది తక్కువ. నాకు గుర్తున్నది కిటికీ లేని ఆ గది, పొద్దో మాపో తెలియని తెల్లటి వెలుతురు, పక్క మంచాల మీద మూలిగే మనుషులు. బయట వరండాలో శాంత నేల మీద కూర్చుని ఉండేది. ఆవిడ పక్కనే కళింగపట్నం నుంచి వచ్చిన ఒకావిడ, చేపలు అమ్ముకుంటుందట. ఆవిడ మొగుడు నా పక్క మంచం. మొదటి రోజు తనే జరిగి, తన చాప సగం శాంతకి ఇచ్చింది. "నా కాడ నీసు వాసనొస్తాది అమ్మా, ఏటీ అనుకోకు" అందట. శాంత ఆ చాప మీదే ఆవిడతో వెన్ను చేర్చి నాలుగు రోజులు పడుకుంది. నేను మాత్ర ఆపేసిన సంగతి ఆ చాప మీదే శాంతకి తెలిసింది, డాక్టర్లు నన్ను అడిగి తనకి చెప్పినప్పుడు. శాంత లోపలికి వచ్చినప్పుడు నా దుప్పటి సర్ది వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఐదో రోజు మధ్యాహ్నం నేను కళ్ళు తెరిచేసరికి పక్క మంచం ఖాళీగా ఉంది. దుప్పటి మార్చేశారు. బయట ఆవిడ మూట సర్దుకుంటూ శాంతతో, "మావోడు ఎల్లిపోనాడు. సాప నీకుంచుకో అమ్మా, కింద సల్లగుంటాది" అని చెప్పి మెట్లు దిగి వెళ్ళిపోయిందట. ఆవిడ పేరు కూడా మేము అడగలేదు.

ఆరో రోజు అమ్మని లోపలికి పంపారు. అమ్మకి అరవై ఐదు దాటాయి, చూపు మందగించింది. దగ్గరగా వంగి నా ముఖం తడిమింది. కళ్ళ కింద వేలు ఆపింది.

"నీకూ వచ్చీసినాయేటిరా ఈ పసుపు బొట్లు. మీ నాన్నకి ఇలాగే ఉండీవి."

"నాన్నకి లేవమ్మా."

"లేవేటి? ఇరవయ్యేళ్ళు ఆ మొకం సూసినాను నాను. నీ లాగే ఇక్కడొకటి, ఇక్కడొకటి. మీ పెదనాన్నకీ ఉండీవి."

"ఫోటోలో లేవు కదే."

అమ్మ చెయ్యి తీసేసింది. "ఫోటోలో ఉన్నోడు మీ నాన్నేటిరా? ఆడు నువ్వు సేసినోడు" అంది మెల్లగా.

మే నెలలో స్టూడియోకి మొదటిసారి వెళ్ళాను, మధ్యాహ్నం, ఎండకి బజారంతా ఖాళీగా ఉన్న వేళ. ఇనప బీరువాలో నా పాత నెగెటివులు కవర్లలో ఉన్నాయి, వాటిని ఎప్పుడూ పారెయ్యలేదు. నాన్నది దొరకబుచ్చుకుని తలుపు దగ్గర వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాను. నెగెటివులో అన్నీ తలకిందులు కదా. ముఖం నల్లగా ఉంది, కనుపాపలు తెల్లగా ఉన్నాయి. ఆ తెల్లటి కళ్ళ కింద, ముఖం కంటే నల్లగా, రెండు మచ్చలు.

స్కాన్ చేసి తెర మీద తిప్పాను. నాన్న వచ్చాడు. కళ్ళ కింద పసుపు మచ్చలు, కంట్లో బూడిదరంగు ఉంగరం. ఇరవై నాలుగేళ్ళ తరవాత ఆయన్ని చూశాను. చూసి గుర్తుపట్టలేదు. అది చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది. గోడ మీది ఫోటో చూసి చూసి, నా తలలో నాన్న ముఖం ఉండాల్సిన చోట నేను తయారుచేసిన ముఖం వచ్చి కూర్చుంది. డాక్టరమ్మకి నేను అబద్ధం చెప్పలేదు. నాకు గుర్తున్నదే చెప్పాను.

అక్కడితో ఆగలేకపోయాను. పెదనాన్న ఫోటో కూడా నేనే చేశాను. అసలుది హార్డ్ డిస్కులో తెరిచాను, ఆయనకీ ఉన్నాయి. మేనత్త యాభై దాటగానే పోయింది, ఆవిడ అసలు ఫోటో తెరిచాను, ఆవిడకీ ఉన్నాయి. అందరి ముఖాలూ నేనే కడిగాను. ముగ్గురినీ ఒక వరసలో పెట్టి చూస్తే, ఒకే మనిషి మూడు సార్లు వచ్చి నా వైపు చూస్తున్నట్టు ఉంది. ఫ్యాను తిరుగుతూనే ఉంది, నాకు చలేసింది. కంప్యూటరు ఆపకుండానే షట్టరు దించుకుని ఇంటికి వచ్చేశాను.

జూన్‌లో ఆ ఫోటోలు తీసుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ వాటిని బల్ల మీద పరిచి చాలాసేపు చూసింది. "అప్పుడు నేను అడిగినప్పుడు..." అని మొదలుపెట్టి, నా ముఖం చూసి ఆపేసింది. ఆ ఆపడం నాకు చేసిన పెద్ద సాయం.

తరవాత చెప్పింది. "ఏ నూనె మంచిది, నెయ్యి ఎంత తినొచ్చు అన్నదాని మీద ఇంకా చాలా ఏళ్ళు వాదించుకుంటారు. వాదించుకోనివ్వండి. కానీ రక్తంలో ఆ చెడ్డ కొవ్వు ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే రక్తనాళాలు పూడుకుపోతాయి, ఆ విషయంలో మాకు అనుమానం లేదు. మీది తిని తెచ్చుకున్నది కాదు, నెయ్యి దానికి తోడైంది అంతే. పుట్టినప్పటి నుంచీ మీ ఒంటికి ఆ కొవ్వుని సరిగ్గా తీసెయ్యడం చేతకాదు. మీ నాన్నగారి దగ్గర నుంచి వచ్చింది."

"నా దగ్గర నుంచి?" అన్నాను.

"మీ పాపకి వచ్చి ఉండొచ్చు, రాకపోయి ఉండొచ్చు. బొమ్మా బొరుసూ లాంటిది. మీ తమ్ముడికీ అంతే. ఇద్దరికీ రక్తం చూడండి. పాపకి ఉన్నా భయపడకండి. చిన్నప్పుడే తెలిస్తే మందుతో మామూలు జీవితమే. తెలియకపోతేనే ప్రమాదం."

మా పాప పేరు గ్రేసి. పద్నాలుగేళ్ళు. పుల్లలా ఉంటుంది, పెరుగు మీద మీగడ కనిపించినా పక్కకి తీసేస్తుంది. కళ్ళ కింద మచ్చ లేదు, ఒంటి మీద ఎక్కడా ఏమీ లేదు. డేవిడ్ సంగతి అలా కాదు. వాడు బూట్లు విప్పుకుంటున్నప్పుడు చూశాను, మడమ వెనక నరం దగ్గర గట్టిగా, లావుగా ఉంది. నాకూ అక్కడ అలాగే ఉంటుంది, చెప్పు రాపిడి అనుకునేవాణ్ణి. ఈ జబ్బున్నవాళ్ళకి అక్కడ కొవ్వు అలా గడ్డకడుతుందని డాక్టరమ్మ చెప్పింది. వాడి మడమ చూసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. వాడికి ఇంక ఎనిమిదేళ్ళే ఉన్నాయని లెక్క వేసుకున్నాను.

"పరుగెత్తేవోడికి మడమ అలాగే ఉంటాది అన్నయ్యా" అన్నాడు డేవిడ్. "నువ్వు నాలుగు నెల్లు నా మాట విన్నావు గాబట్టి ఇలాగైపోనావని నాకు తెలుసు. ఆ పాపం నాదే. గాని ఇప్పుడు నాను ఆ మాత్రల వలలో పడను."

"మాత్ర కాదురా, ముందు రక్తం చూపించు."

"సూపిస్తే ఆ అంకె వస్తాది. అంకె వస్తే మాత్రొస్తాది. నాకు తెలీదేటి?"

శాంత ఇంకో రకం. "పద్నాలుగేళ్ళ గుంటకి గుండె జబ్బేటండి? రేపు ఈ మాట బయటికి పోతే దాని బతుకేటి?" అని తలుపు వేసుకుని ఏడ్చింది. అమ్మ మాత్రం ఏమీ అనకుండా గ్రేసి ముఖం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూసేది, రోజూ. గ్రేసికి అది ఆటలా ఉండేది. నేను చూడలేక లేచి బయటికి పోయేవాణ్ణి.

ఆ రోజుల్లో స్టూడియోలో పని చెయ్యడం కష్టమైంది. ఎవరు కుర్చీలో కూర్చున్నా ముందు కళ్ళ కిందే చూసేవాణ్ణి. నరసన్నపేట నుంచి ఒకాయన పాస్‌పోర్టు ఫోటోకి వచ్చాడు, నలభై ఉంటాయి, రెండు కళ్ళ కిందా పసుపు మచ్చలు. "ఇవి తీసెయ్యి బావూ" అన్నాడు. "తీసెయ్యను. ఒకసారి రక్తం చూపించుకోండి" అన్నాను. "ఫోటో తియ్యమంటే రోగం అంటగడతావేటి!" అని లేచి, ఎదురు స్టూడియోకి పోయాడు. అక్కడ శుభ్రంగా తీసిచ్చి ఉంటారు. ఆయన పేరన్నా అడిగి ఉండాల్సింది.

దారి చూపించింది చివరికి గ్రేసే. దసరా సెలవులకి డేవిడ్ ఇంటికొచ్చాడు. భోజనాల దగ్గర నేనూ వాడూ మళ్ళీ అరుచుకున్నాం. గ్రేసి అన్నీ విని, కంచంలో చెయ్యి పెట్టుకునే, "బాబాయ్, నాకు సూదంటే బయం. నువ్వు తీయించుకుంటే నేనూ తీయించుకుంటాను" అంది. డేవిడ్‌కి పిల్లలు లేరు. గ్రేసిని నాలుగేళ్ళప్పుడు భుజాల మీద కూర్చోబెట్టుకుని చీపురుపల్లి స్టేషనులో రైళ్ళు చూపించినవాడు. వాడు శాంత వైపు చూశాడు. శాంత తల దించుకుని, "మా గుంట ఒక్కర్తీ ఎళ్ళొద్దు" అంది. అంటే ఒప్పుకున్నట్టే.

మర్నాడు పొద్దున్న పరగడుపున రాజాంలోనే ల్యాబుకి వెళ్ళాం. డేవిడ్ ముందు కూర్చున్నాడు, స్కూల్లో పిల్లలకి చెప్పినట్టు "ఒన్, టూ" అని లెక్కపెట్టి గ్రేసిని నవ్వించాడు. తరవాత గ్రేసి కూర్చుంది. సూది గుచ్చుతున్నంతసేపూ వాడి చెయ్యి వదల్లేదు. సాయంత్రం రమ్మన్నారు.

ఆ పగలంతా నేను ప్రార్థన చెయ్యలేకపోయాను. ఏమని చెయ్యాలి? గ్రేసికి వద్దు అని అడిగితే, తమ్ముడికి ఇమ్మన్నట్టు నాకు వినిపించేది. రెండూ ఒకదానికొకటి సంబంధం లేనివని తెలుసు, అయినా అలాగే వినిపించేది. నిజం చెప్పాలంటే, వాడి మడమ చూశాను కాబట్టి వాడికి ఉన్నట్టే అనుకున్నాను. గ్రేసి ముఖం తేటగా ఉంది కాబట్టి లేనట్టే అనుకున్నాను. అంత జరిగాక కూడా నేను ముఖాలనే నమ్మాను. మీలో ఎవరింట్లో అయినా నడివయసులో హఠాత్తుగా పోయినవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉంటే, దయచేసి ముఖాలు చూసి ఊరుకోకండి. పిల్లల రక్తం ఒకసారి చూపించండి.

సాయంత్రం ఐదింటికి నేనూ డేవిడూ వెళ్ళాం. ల్యాబు నడిపే ఆయన మాకు తెలిసినవాడే, మా స్టూడియోలోనే పెళ్ళి ఫోటోలు తీయించుకున్నాడు. రెండు కవర్లు ఇచ్చాడు. డేవిడ్ తనది నా చేతిలోనే పెట్టాడు, "నువ్వే సదువు, నాకా అంకెల మీద నమ్మకం లేదు" అని.

చదివాను. వాడి అంకెలన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. ఏ ఒక్కదాని పక్కనా ఎక్కువన్న గుర్తు లేదు. వాడి మడమది పరుగు వల్ల వచ్చిందే.

రెండో కవరు విప్పాను. చదివి డేవిడ్‌కి ఇచ్చాను.

వాడు ఆ కాగితం చూశాడు. తన కాగితం లాక్కుని రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. పైన పేర్లు చూశాడు, మళ్ళీ అంకెలు చూశాడు. ఇన్నాళ్ళు నాతో వాదించినవాడు, గెలిచినవాడు. వాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. కౌంటరు దగ్గరికి వెళ్ళి రెండు కాగితాలూ బల్ల మీద పెట్టాడు.

"బావూ, ఇవి తారుమారైపోనాయి సూడు."

ల్యాబు ఆయన చూశాడు. "లేదు మాస్టారూ. గొట్టాల మీద పేర్లు మీ ఎదురుగానే అంటించినాను కదా. అంత ఎక్కువొచ్చిందని పాపది రెండుసార్లు సేసినాను."

"కాదు బావూ, నీకు తెలీదు. నాను గరిటెలతో నెయ్యి తింతాను. ఆ గుంట మీగడ కూడా ముట్టదు. ఆ పెద్ద అంకె నాదే" అన్నాడు. "నాదే అయ్యుంటాది. మళ్ళీ తియ్యి. ఎంత కావాలంటే అంత తియ్యి" అంటూ చొక్కా చెయ్యి భుజం దాకా మడిచి, బల్ల మీద చాపాడు.